‘సర్వర్ డౌన్’ అంటే నిజంగా ఏం డౌనైనట్టు? ఖమ్మం-భద్రాచలం అడవి దారిలో ‘లేబుల్’ నెట్‌వర్క్ కథ

చర్ల మండలంలోని ఓ అటవీ గ్రామం నుంచి పొద్దున్నే బయల్దేరి బ్యాంకుకు వచ్చిన మనిషిని ఊహించుకోండి. కౌంటర్ దగ్గర వినిపించే మాట ఒక్కటే: "సర్వర్ డౌన్. మధ్యాహ్నం చూడండి." మధ్యాహ్నానికీ లైన్ రాకపోతే ఆ రోజు కూలి, బస్సు చార్జీ రెండూ పోయినట్టే.

సరిగ్గా అదే సమయంలో హైదరాబాద్‌లో కూర్చుని మీరు అదే బ్యాంకు యాప్‌లో డబ్బు పంపుతుంటారు. అది వెళ్లిపోతుంది. అంటే సర్వర్ బాగానే ఉంది. చాలాసార్లు ఆగిపోయేది సర్వర్ కాదు, దాని దగ్గరకు వెళ్లే దారి.

ఆ దారిలో ఎక్కువ భాగం మీరు వాడే మామూలు ఇంటర్నెట్ కాదు. బ్యాంకు శాఖలు, ప్రభుత్వ కార్యాలయాలు, పెద్ద సంస్థలు టెలికాం కంపెనీల నుంచి అద్దెకు తీసుకునే ప్రైవేటు నెట్‌వర్క్ అది. సాంకేతిక భాషలో దాన్ని ‘ఎంపీఎల్ఎస్ వీపీఎన్’ అంటారు. పూర్తి పేరు మల్టీప్రోటోకాల్ లేబుల్ స్విచింగ్. పేరు నోరు తిరగకపోయినా, పనిచేసే తీరు తేలిగ్గానే అర్థమవుతుంది.

మీ ఫోన్‌లోని వీపీఎన్, ఇదీ ఒకటేనా?

కాదు. మీ ఫోన్‌లో వేసుకునే వీపీఎన్ యాప్ మీ డేటాను తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి, మరో చోటి సర్వర్ మీదుగా పంపుతుంది. అక్కడ ముఖ్యమైనది దాచడం.

టెలికాం కంపెనీ ఇచ్చే వీపీఎన్‌లో ముఖ్యమైనది వేరు చేయడం. ఒకే ఫైబర్ మీద, ఒకే రౌటర్లలో వందల సంస్థల డేటా వెళ్తున్నా, ఒకరిది ఇంకొకరికి కనపడకుండా, కలవకుండా చూడడమే దాని పని.

ప్రభుత్వం కూడా ఈ రెండింటినీ వేరుగానే చూస్తోంది. వీపీఎన్ సంస్థలు వినియోగదారుల వివరాలను ఐదేళ్లు ఉంచాలని 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఆదేశించినప్పుడు చాలా చర్చ జరిగింది. ఆ నిబంధన సంస్థలు తమ అవసరాలకు వాడుకునే కార్పొరేట్ వీపీఎన్‌లకు వర్తించదని తర్వాత వివరణ ఇచ్చింది.

ఒక్కో ఆఫీసుకు ఒక్కో లైన్ ఎందుకు వేయరు?

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, సారపాక మీదుగా భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. అక్కడి నుంచి దుమ్ముగూడెం, చర్ల వైపు వెళ్తే ఛత్తీస్‌గఢ్ సరిహద్దు అడవి. ఈ దారిలో బ్యాంకుకో ఫైబర్, పోస్టాఫీసుకో ఫైబర్, ఐటీడీఏకో ఫైబర్, ఆసుపత్రికో ఫైబర్ వేయడం సాధ్యం కాదు. తవ్వకానికే బోలెడు ఖర్చు. అటవీ భూమిలో తవ్వాలంటే అటవీ శాఖ అనుమతులు కూడా కావాలి.

అందుకే ఒకే ఫైబర్‌ను అందరూ పంచుకోవాలి. కానీ పంచుకుంటే రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఒకరి డేటా ఇంకొకరికి చేరకూడదు. రెండోది, చాలా సంస్థలు లోపల వాడుకునే అడ్రస్‌లు ఒకేలా ఉంటాయి. 10తో మొదలయ్యే ఐపీ అడ్రస్‌లను ఎవరైనా తమ ప్రైవేటు నెట్‌వర్క్‌లో వాడుకోవచ్చని 1996లోనే ప్రమాణం ఖరారైంది. కాబట్టి బ్యాంకులోనూ, ఆసుపత్రిలోనూ ఒకే అడ్రస్ ఉన్న కంప్యూటర్లు ఉండొచ్చు. రెండు ఇళ్లకూ ఒకే డోర్ నంబరుంటే ఉత్తరం ఎవరికివ్వాలి? ఈ చిక్కుకు జవాబే లేబుల్.

లేబుల్ అంటే ఏంటి?

తపాలా సంచిని గుర్తు చేసుకోండి. హైదరాబాద్‌లో భద్రాచలం ఉత్తరాలన్నీ ఒక సంచిలో వేసి, మూతి కట్టి, పైన చీటీ తగిలిస్తారు. దారిలో సంచి మార్చేవాళ్లు లోపలి ఉత్తరాలు చదవరు. చీటీ మీద ఊరు చూసి తర్వాతి బండిలో వేస్తారు. ఇప్పుడు ఆ పెద్ద సంచిలో చిన్న సంచులున్నాయనుకోండి. ఒకటి బ్యాంకుది, ఒకటి ఆసుపత్రిది. చిన్న సంచి చీటీతో దారిలో ఎవరికీ పని లేదు. భద్రాచలంలో పెద్ద సంచి విప్పాకే అది అవసరమవుతుంది.

ఎంపీఎల్ఎస్ వీపీఎన్ సరిగ్గా ఇలాగే రెండు చీటీలు వాడుతుంది. బయటి లేబుల్ ‘ఏ ఊరి రౌటర్‌కు చేరాలి’ అని చెబుతుంది. లోపలి లేబుల్ ‘అక్కడ ఎవరికి ఇవ్వాలి’ అని చెబుతుంది.

ఒక్కో లేబుల్ హెడర్ 32 బిట్లు మాత్రమే. అందులో 20 బిట్లు లేబుల్ నంబరు. 3 బిట్లు ఆ ప్యాకెట్‌కు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో చెబుతాయి. 1 బిట్ ‘ఇదే చివరి లేబులా, కింద ఇంకొకటి ఉందా’ అని తెలుపుతుంది. మిగిలిన 8 బిట్లు ప్యాకెట్ దారి తప్పి నెట్‌వర్క్‌లో తిరుగుతూనే ఉండకుండా ఆపే లెక్క.

తపాలా పోలికలో ఒక తేడా ఉంది. సంచి మీది చీటీ ఊరు చేరేవరకు మారదు. ఇక్కడ బయటి లేబుల్ ప్రతి రౌటర్ దగ్గరా మారుతుంది. పాతది తీసి, తర్వాతి రౌటర్‌కు అర్థమయ్యే కొత్త నంబరు వేస్తారు. ‘లేబుల్ స్విచింగ్’ అనే పేరు అందుకే వచ్చింది.

ఒక ప్యాకెట్‌తో పాటు ప్రయాణిద్దాం

అర్థం కావడానికి ఓ ఉదాహరణ. ఊర్లు నిజమైనవి, నంబర్లు మాత్రం మనం పెట్టుకున్నవి. నిజం నెట్‌వర్క్‌లో మధ్యలో ఇంకా ఎక్కువ రౌటర్లు ఉంటాయి.

భద్రాచలంలోని బ్యాంకు శాఖ నుంచి ఖాతా బ్యాలెన్స్ అడుగుతూ ఒక ప్యాకెట్ బయల్దేరింది. శాఖలోని చిన్న రౌటర్ దాన్ని టెలికాం కంపెనీ అంచు రౌటర్‌కు ఇస్తుంది. కంపెనీ నెట్‌వర్క్ గుమ్మం ఇదే. బ్యాంకుకు కేటాయించిన పోర్టులో వచ్చింది కాబట్టి, ఈ రౌటర్ బ్యాంకు కోసం విడిగా పెట్టిన దారుల పట్టికనే తెరుస్తుంది. ఆసుపత్రికి వేరే పట్టిక, పోస్టాఫీసుకు వేరే పట్టిక. ఈ విడి పట్టికను ‘వీఆర్ఎఫ్’ అంటారు. వీపీఎన్‌కు గుండెకాయ ఇదే.

పట్టికలో సమాధానం ఇలా ఉంటుంది: ‘ఈ అడ్రస్ హైదరాబాద్ అంచు రౌటర్ వెనక ఉంది. అక్కడ దీని నంబరు 72’. రౌటర్ ముందు 72 అనే లోపలి లేబుల్ తగిలిస్తుంది. దానిపైన హైదరాబాద్ చేరే దారికి 305 అనే బయటి లేబుల్ వేస్తుంది.

కొత్తగూడెం రౌటర్ 305ను మాత్రమే చూస్తుంది. తన పట్టిక ప్రకారం దాన్ని 418గా మార్చి ఖమ్మం వైపు పంపుతుంది. ఆ ప్యాకెట్ బ్యాంకుదా, బడిదా అన్నది కొత్తగూడెం రౌటర్‌కు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

ఖమ్మం రౌటర్‌కు తర్వాతి గమ్యం హైదరాబాదే అనుకుందాం. అప్పుడు బయటి చీటీతో ఇక పనిలేదు. ఖమ్మమే దాన్ని తీసేసి పంపుతుంది. హైదరాబాద్ రౌటర్ 72ను చూస్తుంది, ‘ఇది ఫలానా బ్యాంకుది’ అని గుర్తుపట్టి, చీటీ తీసేసి బ్యాంకు డేటా సెంటర్‌కు ఇస్తుంది. జవాబు కూడా ఇదే పద్ధతిలో, వేరే లేబుళ్లతో వెనక్కి వస్తుంది.

దీనివల్ల లాభమేంటంటే, మధ్యలోని రౌటర్లు వందల సంస్థల అడ్రస్‌లను గుర్తుపెట్టుకోనక్కర్లేదు. కొత్త కస్టమర్ వస్తే రెండు అంచుల్లో పని చేస్తే చాలు, నడిమధ్య నెట్‌వర్క్‌ను ముట్టుకోవాల్సిన పనిలేదు. ఈ వీపీఎన్ పద్ధతిని ఎరిక్ రోసెన్, యాకోవ్ రెక్టర్ 1999 మార్చిలో ప్రచురించారు. లేబుల్ స్విచింగ్ మూల నిర్మాణం 2001 జనవరిలో, వీపీఎన్ పద్ధతి సవరించిన రూపంలో 2006 ఫిబ్రవరిలో ఇంటర్నెట్ ప్రమాణాలయ్యాయి.

ఒకే డోర్ నంబరుంటే?

ఇప్పుడు పాత చిక్కుకు వద్దాం. బ్యాంకుదీ, ఆసుపత్రిదీ ఒకే 10తో మొదలయ్యే అడ్రస్ అయితే?

అంచు రౌటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునేటప్పుడు ప్రతి అడ్రస్ ముందు 8 బైట్ల గుర్తింపు సంఖ్య చేరుస్తాయి. మన ఊళ్లో ఇద్దరు వెంకటేశ్వర్లు ఉంటే ఇంటిపేరుతో పిలిచినట్టే. దీంతో రెండు దారులూ వేర్వేరుగా నమోదవుతాయి.

దీనికి తోడు ప్రతి దారికీ ఒక ముద్ర ఉంటుంది. ‘ఈ ముద్ర ఉన్న దారులనే నా పట్టికలోకి తీసుకో’ అని ప్రతి వీఆర్ఎఫ్‌కూ చెప్పి ఉంచుతారు. దీన్ని ‘రూట్ టార్గెట్’ అంటారు. ఎవరు ఎవరితో మాట్లాడాలో తేల్చేది ఇదే. శాఖలన్నీ హెడ్డాఫీసుతో మాట్లాడాలి కానీ శాఖకూ శాఖకూ నేరుగా దారి ఉండకూడదు అంటే, ముద్రలను ఆ విధంగా పెడితే సరిపోతుంది.

ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. ముద్ర నంబరు ఒక్కటి తప్పు కొడితే, కలవకూడని రెండు నెట్‌వర్క్‌లు కలిసిపోతాయి. ఇక్కడ గోడ కట్టేది ఇటుకలతో కాదు, ఇంజినీర్ కొట్టే అంకెలతో.

ఊరు తెలంగాణ, పక్క ఊరు ఆంధ్రప్రదేశ్

భద్రాచలం దగ్గర ఈ పద్ధతి విలువ మరింత బాగా తెలుస్తుంది. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో పాత ఖమ్మం జిల్లాలోని కూనవరం, చింతూరు, వీఆర్‌పురం, కుక్కునూరు, వేలేరుపాడు వంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాన్ని ఆనుకుని ఉన్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లింది. భద్రాచలంలో నడుస్తూ వెళ్తే తెలియకుండానే రాష్ట్రం మారిపోతుంది.

ఎటపాకలోని ప్రభుత్వ ఆఫీసు డేటా ఆంధ్రప్రదేశ్ సర్వర్లకు వెళ్లాలి. పక్కనే ఉన్న భద్రాచలం ఆఫీసు డేటా హైదరాబాద్‌కు వెళ్లాలి. దగ్గరి టెలికాం ఎక్స్ఛేంజ్ ఇద్దరికీ ఒకటే అయినా ఇబ్బంది లేదు. ఒకే అంచు రౌటర్‌లో రెండు వీఆర్ఎఫ్‌లు పెట్టి, రెండు రాష్ట్రాల నెట్‌వర్క్‌లనూ విడివిడిగా నడపవచ్చు. సరిహద్దు మారితే కొత్త తీగ వేయాల్సిన పని లేకుండా, పట్టిక మారిస్తే సరిపోతుంది. నేల మీద గీత ఒకచోట, నెట్‌వర్క్‌లో గీత మరోచోట ఉండగలగడం ఈ పద్ధతి ఇచ్చే వెసులుబాటు.

మరి ఎందుకు ఆగిపోతుంది?

ఎందుకంటే లేబుల్ ఎంత తెలివైనదైనా తెగిన ఫైబర్ మీద ప్రయాణించలేదు.

రౌటర్లకు ముందే రెండో దారి చెప్పి ఉంచితే, మొదటి దారి తెగిన 50 మిల్లీసెకన్లలోపే, అంటే సెకనులో ఇరవయ్యో వంతులో, లేబుల్ మార్చి అటు పంపేలా ఏర్పాటు చేయొచ్చు. ఫోన్ కాల్ కూడా తెగదు. కానీ రెండో దారి అనేది ఒకటి ఉండాలి కదా.

2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. అలాంటి రోజున పట్టణానికి వచ్చే లైన్లన్నీ ఒకే వంతెన, ఒకే రోడ్డు పట్టుకుని ఉంటే, కాగితం మీద ఎన్ని దారులున్నా నిజానికి ఉన్నది ఒక్కటే. రోడ్డు విస్తరణ పనుల్లో జేసీబీ తవ్వినా అంతే. తెలంగాణలో మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే టీ-ఫైబర్ కేబుల్ వేయాలని ప్రణాళిక చేశారు. ఖర్చు తగ్గించే మంచి ఆలోచనే. కానీ పైపు లీకైందని తవ్వితే పక్కనున్న ఫైబర్‌కూ దెబ్బ తగలొచ్చని గుర్తుపెట్టుకోవాలి.

సరిగ్గా అదే నెలలో కెనడాలో ఇంకో పాఠం బయటపడింది. 2022 జులై 8న రోజర్స్ అనే టెలికాం కంపెనీ తన రౌటర్లలో చేసిన మార్పులో ఒక వడపోత నిబంధన తొలగిపోయింది. దారుల సమాచారం వరదలా వచ్చిపడి నడిమధ్య రౌటర్లు కుప్పకూలాయి. కోటీ 20 లక్షల మందికి పైగా ప్రభావితమయ్యారు. దేశమంతటా డెబిట్ కార్డు చెల్లింపులు నడిపే ఇంటరాక్ కూడా ఆగిపోయింది. సరిచేయాల్సిన సిబ్బందికి సొంత రౌటర్లలోకి వెళ్లడం కూడా కష్టమైంది, ఎందుకంటే వాళ్ల నిర్వహణ నెట్‌వర్క్ కూడా అదే కోర్ మీద ఆధారపడి ఉంది.

అంటే వీపీఎన్ ఎవరి గది వారికి ఇస్తుంది. ఇల్లు మాత్రం ఒకటే. పునాది కదిలితే అన్ని గదులూ కదులుతాయి.

భారత్‌నెట్‌లో మారుతున్నదేంటి?

గ్రామ పంచాయతీలకు ఫైబర్ ఇచ్చే పథకానికి కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదం తెలిపింది. తర్వాత అదే భారత్‌నెట్ అయింది. రెండో దశను తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా కొన్ని రాష్ట్రాలు సొంతంగా అమలు చేసే పద్ధతి ఎంచుకున్నాయి. మొదట్లో చాలా చోట్ల మండల కేంద్రం నుంచి పంచాయతీలకు కొమ్మల్లా లైన్లు వెళ్లాయి. కొమ్మ ఒకచోట విరిగితే దాని అవతలి ఊళ్లన్నీ చీకట్లోనే.

2023 ఆగస్టులో కేంద్రం సవరించిన భారత్‌నెట్ కార్యక్రమాన్ని ఆమోదించింది. అంచనా వ్యయం రూ.1,39,579 కోట్లు. ఇందులో రెండు మార్పులు మన కథకు ముఖ్యం. ఒకటి, పంచాయతీలను కొమ్మలా కాకుండా రింగులా కలపడం. ఒకవైపు తెగితే రెండోవైపు నుంచి డేటా వస్తుంది. రెండోది, మండల, పంచాయతీ స్థాయిలో ఎంపీఎల్ఎస్ రౌటర్లు పెట్టడం. ఇంతకాలం పెద్ద పట్టణాల మధ్య నడిచిన లేబుల్ ఇప్పుడు పంచాయతీ ఆఫీసు దాకా వస్తుందన్నమాట. పదేళ్ల నిర్వహణ బాధ్యత కూడా ఒప్పందంలో భాగం.

ఇక ఫైబర్ చేరని అటవీ గూడేల సంగతి వేరు. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లోని 2,343 టవర్లను 2జీ నుంచి 4జీకి మార్చడానికి 2022 ఏప్రిల్‌లో, సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి అదే ఏడాది జులైలో కేంద్రం ఆమోదం తెలిపింది. రెండింటి బాధ్యతా బీఎస్ఎన్ఎల్‌దే. అలాంటి టవర్ వెనక ఫైబర్ లేకపోతే మైక్రోవేవ్ లేదా ఉపగ్రహ లింకే దిక్కు. భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తులోని ఉపగ్రహానికి వెళ్లి, జవాబుతో తిరిగి రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర పెట్టాక మిషన్ తిరుగుతూ ఉండిపోవడానికి ఇలాంటి వెనక లింకు కూడా ఒక కారణం కావచ్చు. లేబుల్ ఈ దూరాన్ని తగ్గించలేదు.

ఇది చేయలేని పనులు

ఒకటి, ఇది తాళం కాదు. వేరు చేస్తుందే తప్ప డేటాను ఎన్‌క్రిప్ట్ చేయదు. టెలికాం కంపెనీ లోపలి మనిషి, లేదా మధ్యలో ఫైబర్‌ను ట్యాప్ చేసినవాడు చూడగలడు. కాబట్టి ఆరోగ్య వివరాలు, ఆధార్ సమాచారం వంటివి పంపే సంస్థ దానిపైన తన సొంత తాళం వేసుకోవాల్సిందే.

రెండు, ఇది వేగానికి హామీ కాదు. ఆ 3 బిట్ల ప్రాధాన్యం గుర్తు ఉన్నా, ఒప్పందంలో రాయించుకుని డబ్బు కడితేనే రౌటర్లు దాన్ని పాటిస్తాయి.

మూడు, ఇది కరెంటు ఇవ్వదు. ఊళ్లో కరెంటు పోయి, ఎక్స్ఛేంజ్‌లో బ్యాటరీ అయిపోతే రింగు ఉన్నా లాభం లేదు.

మీరెందుకు పట్టించుకోవాలి?

నగరంలో మీకు ఒక నెట్‌వర్క్ ఆగితే రెండో సిమ్ ఉంటుంది, వైఫై ఉంటుంది, పక్క వీధిలో ఇంకో ఏటీఎం ఉంటుంది. అడవి అంచున ఉన్న మనిషికి ఆ ఒక్క శాఖ, ఆ ఒక్క లైనే దిక్కు. పింఛను, రేషన్, ఉపాధి కూలి అన్నీ ఆన్‌లైన్ అయ్యాక, అక్కడ లైన్ తెగడం అంటే అన్నం ఆలస్యం కావడమే.

కాబట్టి ‘ఇన్ని పంచాయతీలకు ఫైబర్ ఇచ్చాం’ అనే ప్రకటన ఈసారి మీ ఫోన్‌లో కనిపిస్తే, మూడు ప్రశ్నలు అడగండి. రింగులోని రెండు దారులు నేల మీద కూడా వేర్వేరు చోట్ల నుంచి వెళ్తున్నాయా, లేక ఒకే కందకంలోనా? తెగితే ఎన్ని గంటల్లో బాగుచేయాలని ఒప్పందంలో ఉంది, ఆలస్యమైతే జరిమానా ఎవరు కడతారు? లైన్ లేని రోజున పింఛనో, బియ్యమో ఇచ్చే ప్రత్యామ్నాయ పద్ధతి ఆ కౌంటర్‌లో రాసి ఉందా?

మొదటి రెండింటికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టొచ్చు. మూడోదానికి ఏ సాంకేతికతా అక్కర్లేదు. ఒక రిజిస్టరు, ఒక సంతకం, వచ్చిన మనిషిని ఖాళీ చేతులతో పంపకూడదన్న నిర్ణయం చాలు.